చూడని ఊరికి ఆస్థాన గాయకుణ్ణి

ఈ మధ్య కుర్రాళ్ళు కొందరు 'ఇండిపెండెంట్ ఆర్టిస్ట్' అని చొక్కా మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారు. పాట తామే రాస్తారట, తామే పాడతారట, తామే రికార్డు చేసి తామే జనంలోకి తీసుకుపోతారట. ఏదో కొత్తగా కనిపెట్టినట్టు! ఈ సింగపూరు ద్వీపంలో ఆ పని నేనెప్పుడో చేశాను. పాట రాసిందీ నేనే, పాడిందీ నేనే, విన్నదీ చాలావరకు నేనే. ఇండిపెండెంట్ అంటే అదీ.

ఉద్యోగానికి నేను లిఫ్టు మెకానిక్‌ని. ఆంగ్ మో కియోలో బ్లాకుల నెత్తిమీద లిఫ్టు మోటార్లుండే ఇరుకు గదులే నా సంగీత కళాశాల. ఆ మోటార్లలో ఒకటి, పన్నెండో అంతస్తుకు పోయే దానిది, సరిగ్గా నా గిటారు మూడో తీగ శ్రుతిలో మూలిగేది. దాన్ని నేను కావాలనే పూర్తిగా బాగుచేయలేదు. ఆ బ్లాకువాళ్ళు ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా 'చూస్తున్నాం' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఈ నేరం ఇప్పుడు ఒప్పుకుంటే పెన్షన్ ఆపరు గనుక ఒప్పుకుంటున్నాను.

బడి ఆరో తరగతితో ఆగిపోయింది. తెలుగు అక్షరాలు ఎవరో పారేసిన పాత వాచకం చూసి దిద్దుకున్నాను. ఇంగ్లీషు లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే 'ఎవరి దగ్గరా లేదు' అని గర్వంగా చెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళు నెమ్మదిగా తలూపేవారు. ఆ తలూపులో మెచ్చుకోలు లేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

గిటారు కథ వేరు. మా నాన్న సెంబవాంగ్‌లో బ్రిటిష్ నౌకాదళం గోదాములో పెట్టెలు మోసేవాడు. తెల్లవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోతున్నప్పుడు ఒక సిపాయి పగిలిన గిటారును మా నాన్న చేతిలో పెట్టి ఓడెక్కాడు. పగులుకు ఓడల్లో వాడే నల్ల టేపు చుట్టి ఉండేది. ఆ సిపాయిలు సాయంకాలాలు బారకాసుల మెట్ల మీద కూర్చుని పాడుకునే పాటల్ని కంట్రీ అనేవారు. కంచెకు ఇవతల నిలబడి అవి విన్న నాకు వాటి కిటుకు తొందరగానే పట్టుబడింది. గిటారు మీద పట్టే మూడు కార్డులు, ఒక రైలు, వదిలి వచ్చిన ఒక ఊరు. ఈ మూడూ ఉంటే ఎవడైనా ఏడిపించగలడు.

కార్డులు నేర్చుకున్నాను. రైలు మాత్రం ఇక్కడ అయిదు నిమిషాలకొకటి వస్తుంది, ఎక్కినవాడు అరగంటలో తిరిగి వచ్చేస్తాడు. దాని మీద విరహం పుట్టించడం బ్రహ్మకు కూడా చేతకాదు. ఇక ఊరంటారా, నాకు లేదు. పుట్టిందిక్కడే, పెరిగిందిక్కడే. వదిలి వచ్చింది ఏదైనా ఉందంటే ఆరో తరగతి. అందుకని మా మామ్మ ఊరిని అడక్కుండా తెచ్చేసుకున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చినవాడు. నేను పుట్టేనాటికే పోయాడు. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, నా పెళ్ళయిన చాన్నాళ్ళ వరకు బతికింది. ఆవిడ తమలపాకు నములుతూ 'మన ఊళ్ళో' అని మొదలుపెట్టిందంటే నేను పలకా బలపం పక్కన పడేసేవాణ్ణి. ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం వాన కురిసేదట. ఇళ్ళన్నీ ఒకే కప్పు కింద వరసగా ఉండేవట, ప్రతి తలుపు మీదా ఒక అంకె. తెల్లారక ముందే గంట కొట్టేవారట. ఆడవాళ్ళు నుదుటికి దీపాలు కట్టుకుని మంచులో నడిచిపోతుంటే మిణుగురుల బారులా ఉండేదట. ఊరికంతటికీ ఒక పులిసిన వాసన ఉండేదట, బట్టలకు పట్టిందంటే ఉతికినా పోయేది కాదట. ఎక్కడికి వెళ్ళేవారు, ఏం పని చేసేవారు అన్నది ఆవిడ చెప్పేది కాదు. పని మాట వస్తే ఉమ్మి వేసి లేచిపోయేది. నేనూ అడగలేదు. పాట రాసేవాడికి మిణుగురులు చాలు, మస్టరు రోలు ఎందుకు?

అలా ఎనిమిది పాటలు కట్టాను. మొదటి పాట పల్లవి ఇది:

నాలుగున్నర గంట కొట్టె, మంచు ఇంకా లేవలేదు
నుదుట దీపం కట్టుకున్న అమ్మ వెనుకకు చూడలేదు

ఇది రాసిన రోజు మోటారు గదిలో నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. పులిసిన వాసన అంటే మజ్జిగ అయివుంటుందని తేల్చుకుని, మజ్జిగకు ఆవులు కావాలి గనుక రెండో చరణంలో ఆవుల్ని కూడా తోలాను. దీపాలు కట్టుకున్న ఆడవాళ్ళను వరినాట్లకు పంపించాను. ఆంధ్ర దేశపు పల్లెను నా అంత బాగా పట్టుకున్న కవి లేడని ఒక పాతికేళ్ళపాటు నమ్మాను. వేషం కూడా కట్టాను: అంచు టోపీ, మడమ ఎత్తు బూట్లు, మెడలో మౌతార్గన్ నిలబెట్టడానికి లిఫ్టు తీగను వంచి చేసుకున్న చట్రం. ఆ అవతారంలో బ్లాకు కింద సిమెంటు బల్ల దగ్గర కూర్చుని పాడుతుంటే చైనా ముసలాయన ఒకడు రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. నాకొక అభిమాని దొరికాడని మా ఆవిడతో చెప్పాను. అతనికి చెవుడని, ఆ బల్ల అతను రోజూ చదరంగం ఆడే బల్ల అని, నేనెప్పుడు లేస్తానా అని కాచుకున్నాడని ఆవిడే కనుక్కుని వచ్చి చెప్పింది.

రేడియోవాళ్ళకు కేసెట్టు పంపాను. 'మా కార్యక్రమాలలో ఇమడదు' అని ఉత్తరం వచ్చింది, కేసెట్టు రాలేదు. కిరాణా కొట్టు కౌంటరు మీద నాలుగు కేసెట్లు పెట్టించాను. నెల తర్వాత చూస్తే రెండే ఉన్నాయి. రెండు అమ్ముడుపోయాయని పొంగిపోయాను. మిగతా రెండూ ఊగుతున్న తక్కెడ కాలి కింద ఉన్నాయి.

ఇలాంటి దశలో ఐటీ వచ్చిపడింది.

ఏ వీధిలో చూసినా మెడలో కార్డులు వేసుకున్న తెలుగు పిల్లలే. సంవత్సరం రెండంకెల్లో రాస్తే ప్రపంచం కూలిపోతుందని, దాన్ని ఆపడానికి తాము వచ్చామని చెప్పేవారు. సెరంగూన్ వైపు కాండో అపార్ట్‌మెంట్లలో నలుగురేసి చేరి ఈతకొలను పక్కన ఆవకాయ తినేవారు. వంద ఏళ్ళ నుంచి ఇక్కడున్న మేము తెలుగు మాట్లాడితే 'అంకుల్, మీ తెలుగు భలే వెరైటీగా ఉంటుంది' అనేవారు. వెరైటీ అట! మూడు తరాలు ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడగకుండా ఇంట్లో దాచుకున్న భాష వీళ్ళకు వెరైటీ. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అలాంటి ఒకమ్మాయి మా ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుంది. ప్రొద్దుటూరు పిల్ల. ముప్పై దాటింది, బ్యాంకు కంప్యూటర్లను బాగుచేసే ఉద్యోగం. మొదటి ఆదివారం నేను వంటింటి ఎదుట కూర్చుని పల్లవి ఎత్తుకోగానే గదిలోంచి బయటికి వచ్చింది. శబ్దం తగ్గించమంటుందని పోట్లాటకు సిద్ధమయ్యాను.

"ఏం అంకుల్, ఈ పాట మీరే రాసినారా?"

"నేను కాక ఇంకెవరు రాస్తారు?"

"ఇంత బాగ రాసి ఇంట్ల పెట్టుకుంటే ఎట్లంకుల్? నెట్‌లో పెడదాం. ప్రపంచమంతా వింటాది."

ప్రపంచం అన్న మాట నా ముందు ఎవరూ అంతవరకు అనలేదు. ఆ అమ్మాయి నా చేత మళ్ళీ పాడించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, నాకొక వెబ్ పేజీ కట్టింది. పేజీ అడుగున ఒక లెక్కబిళ్ళ పెట్టింది, ఎంతమంది వచ్చారో చూపడానికి. ఫోను తీగలోంచి ఆ డబ్బా కీచు కీచుమని అరిచి లోపలికి పోయేసరికి టీ చల్లారేది. అయినా పొద్దునా సాయంత్రం తీరిక దొరికినప్పుడల్లా చూసేవాణ్ణి. అంకె పెరుగుతూనే ఉండేది. మా ఆవిడతో అన్నాను: "చూశావా, నిన్నటి నుంచి పద్నాలుగు మంది."

ఆ అమ్మాయి లెక్కబిళ్ళ మీద వేలు పెట్టి అంది: "అంకుల్, మీరు చూసిన ప్రతిసారీ గూడ ఒకటి పెరుగుతాది."

నేను ఎన్నిసార్లు చూశానో లెక్క వేసుకున్నాను. పద్నాలుగే.

ఆ సంగతికి ఆ అమ్మాయికి నా మీద జాలి వేసినట్టుంది. తెలుగువాళ్ళ సంఘంలో కల్చరల్ కమిటీలో ఉండేది. ఉగాదికి సెరంగూన్‌లో పెద్ద హాలు తీసుకుంటున్నామని, అందులో నాకు పన్నెండు నిమిషాలు ఇప్పిస్తానని అంది. కమిటీ ఒప్పుకోవడానికి నెల పట్టింది. సినిమా పాటలకు ఎగిరే పిల్లలకు గంటన్నర, నాకు పన్నెండు నిమిషాలు! అదీ భోజనాల ముందు, జనం కుర్చీల మీద హ్యాండ్‌బ్యాగులు పెట్టి చోప్ చేసి, అంటే చోటు ఆపుకుని, వరసలోకి పోయే సమయంలో. ఎవరికి ఇవ్వాలో తెలియని నిమిషాలు నాకిచ్చారు. అయినా నోరు మూసుకుని తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, రేడియో మీదా నెట్ మీదా నాకు పెద్ద ఆశ లేదు. ఉద్యోగ విరమణ దగ్గర పడింది. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తెలుగు తెలిసిన మనుషులతో నిండిన హాల్లో నా పాట నేను పాడాలి. అంతకుమించి నేను ఈ జన్మలో అడిగిందేమీ లేదు.

కరపత్రం అచ్చయింది. అందులో నా పేరు కింద 'ఆంధ్ర పల్లె సొగసులు, స్వీయ రచన, గానం' అని ఉంది. ఆ అమ్మాయి కంప్యూటర్‌లోనే సీడీలు కాల్చి ఇచ్చింది. అట్ట మీద బొమ్మ నేనే ఎంచాను: క్యాలెండర్‌లోంచి కత్తిరించిన వరిచేను. 

వెనక గొంతు కలపడానికి నలుగురుంటే నిండుగా ఉంటుందని కూడా ఆ అమ్మాయే అంది. కాండో కుర్రాళ్ళెవరూ రాలేదు. ఒకడు మాత్రం కరావోకే ట్రాక్ ఉందా అని అడిగాడు. చివరికి యూ టీ దగ్గర కంటేనర్లలో ఉంటూ ఓడలు బాగుచేసే యార్డుకు పోయే మనవాళ్ళు కొందరున్నారని తెలిసి, ఒక ఆదివారం గిటారు భుజానేసుకుని ఇద్దరమూ బయల్దేరాం. టోపీ, బూట్లతోనే వెళ్ళాను. ఆర్టిస్టుకు ఒక పద్ధతి ఉండాలి కదా.

ఆరుగురు ఆరేసిన బట్టల కింద ప్లాస్టిక్ డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు. అందులో పెద్దవాడు నలభై దాటిన మనిషి, టెక్కలి దగ్గరి వాడు. నేను రెండు మాటలు మాట్లాడగానే అతని మొహం విచ్చుకుంది.

"ఏటి బావూ, అచ్చం మా అప్ప మాటలాగే ఉంది. తవరిది ఏ ఊరు?"

"మీ వైపే," అన్నాను, ఛాతీ విరుచుకుని. "ఊరి మీదే పాట. వినండి."

పాడాను. మొదటి చరణానికి వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కదిలిపోతున్నారనుకున్నాను. దీపాలు కట్టుకున్న ఆడవాళ్ళు వరినాట్లకు వెళ్ళే చోటుకు వచ్చేసరికి ఒకడు దగ్గాడు. తలుపు తలుపుకీ అంకె అన్న చోట ఇంకొకడు మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు. పాటలో రోజూ మధ్యాహ్నం వాన పడే చోట అందరూ ఒక్కసారి భళ్ళున నవ్వేశారు.

టెక్కలాయన వాళ్ళను కసిరాడు. "ఊరుకోండ్రా, పెద్దాయన పాడతంటే." తర్వాత ఎంతో మర్యాదగా నాకేసి తిరిగాడు. "ఏటనుకోకండి అంకులూ. ఊడుపులకి నెత్తిమీద దీపమెందుకండీ? సీకట్లో నాటితే వరి ఏటవుద్ది? మేం పొద్దెక్కినాకే ఎల్తాం."

"మా మామ్మ చెప్పింది."

"ఉండొచ్చు. మరి రోజూ వానేటండీ? మాకు వాన కోసం ఆకాశంకేసి సూసి సూసి మెడలు పట్టేస్తాయి. గంట కొడితే లెగడం, వరసగా కొంపలు, తలుపుకో నంబరూ..." అతను ఆపుకోలేక అనేశాడు. "ఇది ఊరా అంకులూ, జైలా?"

మళ్ళీ నవ్వులు. నేను ప్రొద్దుటూరు అమ్మాయి వైపు చూశాను, సాయానికి. ఆమె చున్నీ కొన నోట్లో కుక్కుకుని ఉంది.

తిరుగు ట్రైనులో అడిగాను: "నీకు తెలియలేదా ఇది?"

"మాకు వానలే రావంకుల్. కోస్తాలో అట్లనే రోజూ పడతాదేమో అనుకున్యా."

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చింతపండు పులుసులోకి చేప ముక్కలు కడుగుతోంది. జరిగింది చెప్పి, వాళ్ళను నాలుగు తిట్టాను. సొంత ఊరి సంగతి కూడా తెలియని మనుషులు అన్నాను. ఆవిడ కడగడం ఆపలేదు.

"వాళ్ళ ఊరు కాదు కదా, వాళ్ళకెలా తెలుస్తుంది?"

"మరి ఎవరి ఊరు?"

"ఐయ్యో! మీకు తెలీదా?" ఈసారి మాత్రం కొళాయి కట్టేసింది. "మామ్మ ఇండియా ఎప్పుడు చూసింది? జోహార్‌లో ఎస్టేట్‌లోనే కదా పుట్టింది. మీ తాత ఒక్కరే ఓడలో వచ్చింది. మామ్మ పెళ్ళి కూడా అక్కడ కూలీల లైను ఇళ్ళలోనే. చీకట్లో లేచి రబ్బరు చెట్లకు గీత పెట్టేది. ఆ చెట్ల పాలు పులిస్తే వాసన వస్తుంది కదా, అదే ఆ వాసన. చివర్లో నేను తల దువ్వేటప్పుడు అన్నీ చెప్పింది."

"ఆవులో?"

"ఆవులు మీరు పెట్టారు."

ఎన్నిసార్లు బస్సులో వంతెన దాటి, మలేషియా వైపున్న ఆ జోహార్ మీదుగా పోయానో! రోడ్డుకు రెండు పక్కలా రబ్బరు చెట్లు సైనికుల్లా నిలబడి ఉంటే, కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, ఆంధ్ర దేశపు పల్లె మీద పాటలు కట్టుకున్నాను. మామ్మ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. ఆవిడ పుట్టిన చోటును ఆవిడ ఊరు అంది. సముద్రం అవతలికి తోసింది నేను.

"పాతికేళ్ళుగా పక్కనే కూర్చుని వింటున్నావు. ఒక్క మాట చెప్పకూడదా?"

"మీరు అడగలేదు. సుమ్మా పాడుకుంటున్నారు, వినడానికి బాగుంది, చెడగొట్టడం ఎందుకని."

సుమ్మా! ఊరికే పాడుకుంటున్నానట. నా సంగీత జీవితానికంతటికీ అదొక్కటే సమీక్ష.

మర్నాడు ఆ అమ్మాయితో నా పేరు కొట్టేయమన్నాను. పల్లె సొగసులని అచ్చేసి, ఉన్నవాళ్ళంతా పల్లెల నుంచి వచ్చిన హాల్లో ఆ జైలు పాట ఎత్తుకుంటే సంఘం సంఘమంతా నవ్వుతుంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "కరపత్రాలు పంచేసినాం అంకుల్. మాటలు కొంచెం మార్చుకుంటే సరిపోతాది. దీపం తీసేసి గంప పెట్టండి. నంబరు తీసేసి ముగ్గు పెట్టండి. ఎవురికీ తెలీదు."

మార్చాను. ఎందుకు అబద్ధమాడాలి, ఒక వారమంతా మోటారు గదిలో కూర్చుని నిజాయితీగా మార్చాను. తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే యూ టీ వెళ్ళి టెక్కలాయన్ని జీడిమామిడి తోటల గురించి, ఊడుపుల గురించి, గాలి ఏ వైపు నుంచి వస్తుందో దాని గురించి అడిగి రాసుకుని, అక్కడే కూర్చుని కొత్త పాట కట్టి వినిపించాను. ఈసారి తప్పుల్లేవు. ఎవరూ నవ్వలేదు. ఒకడు లేచి వెళ్ళి బట్టలు తిరగేసి ఆరేసి వచ్చాడు.

"ఎలా ఉంది?"

"బావుందండి," అన్నాడు టెక్కలాయన. ఇలాంటి 'బావుంది' నాకు బాగా తెలుసు. రేడియోవాళ్ళ ఉత్తరంలో కూడా 'ఇమడదు'కు ముందు ఇదే ఉంది. అతనే మళ్ళీ అన్నాడు: "ఇది మాకు తెలిసిందే గదండీ. ఆ జైలు పాటుంది సూడండి, అది పాడండి."

"నవ్వారుగా?"

"నవ్వేం." అతను లేచి కంటేనరు తలుపు పక్కన మేకుకు తగిలించిన హెల్మెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. దాని నుదుటి మీద చిన్న దీపం బిగించి ఉంది. "ఓడ ట్యాంకులో దిగితే పట్టపగలే సీకటి. ఇది ఎలిగించుకునే ఎల్డింగు సేస్తాం. పొద్దున్నే ఈల ఊదితే లెగిసి లారీ ఎక్కాల. తలుపు మీద నంబరు తవరే సూడండి." చూశాను. తెల్ల రంగుతో, పెద్దగా, పదిహేడు. "మీరెల్లిపోయినాక మావోళ్ళు వారమంతా అదే కూనిరాగం. ట్యాంకులో పాడితే గింగిరుమంటది."

నేను రాసిన పాట నాకు తెలియకుండా వేరే మనుషులు పాడుకోవడం అదే మొదటిసారి. జవాబుగా ఏదో గంభీరంగా చెప్పాలనుకున్నాను గాని టోపీ మీద హెల్మెట్ పెట్టుకుని చూసుకోబోతే రెండూ కింద పడ్డాయి.

ఉగాది రోజు వచ్చింది. హాలు నిండింది, అంటే నా ముందు అంశం వరకు నిండింది. పిల్లల డాన్సు అవగానే వాళ్ళ తల్లిదండ్రులు కెమెరాలు మూసి లేచారు. పులిహోర వాసన తలుపు సందుల్లోంచి వస్తోంది. నేను వేదిక ఎక్కాను. వెనక ఆరుగురు ఇస్త్రీ చొక్కాల్లో బిగుసుకుపోయి నిలబడ్డారు. 'ఆంధ్ర పల్లె సొగసులు' అని మైకులో చదివారు.

నేను మైకు దగ్గరికి వెళ్ళి అన్నాను: "కరపత్రంలో తప్పుంది. ఈ ఊరు ఆంధ్రాలో లేదు. ఇక్కడికి బస్సులో రెండు గంటలు. జోహార్‌లో, ఒక రబ్బరు తోటలో. మా మామ్మ అక్కడ పుట్టింది. నాకూ ఈ మధ్యే తెలిసింది."

కమిటీ కార్యదర్శి తెర పక్కన నుదురు కొట్టుకున్నాడు. ముందు వరసలో ఎవరో "అంకుల్ ఫన్నీ లా" అన్నారు. నేను ఆవుల చరణం తీసేశాను. వరినాట్లు తీసేసి, రబ్బరు చెట్ల మధ్యకు, ఆవిడ నిజంగా నడిచిన చోటుకు, ఆ దీపాల్ని పంపించాను. 

ఒక్క కప్పే ఊరికంతా, తలుపు తలుపుకి అంకె ఉంది

అన్నప్పుడు వెనక ఆరు గొంతులు ఒక్కసారి లేచాయి. అవి ట్యాంకుల్లో సాధన చేసిన గొంతులు. హాలుకు అంత అవసరం లేదు. తలుపు దాకా పోయినవాళ్ళు కొందరు ప్లేట్లు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి చూశారు. పాట అయ్యేసరికి సగం కుర్చీల్లో బ్యాగులే ఉన్నాయి. మిగతా సగంలో మనుషులున్నారు, వాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రొద్దుటూరు అమ్మాయి నిలబడి కొట్టింది. మా ఆవిడ కొట్టలేదు. ఆవిడ చేతుల్లో నా టోపీ ఉంది.

నేను దిగుతుంటే మెట్ల దగ్గర ఒక ముసలావిడ గొడుగు అడ్డం పెట్టి ఆపింది. మాలాగే ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం మనిషని చీరకట్టు చూస్తేనే తెలుస్తుంది. ఎనభై దాటి ఉంటుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. పొగడ్తకు సిద్ధంగా తల వంచాను.

"తంబీ, ఏ ఎస్టేట్?"

తెలియదని చెప్పాను. సిగ్గేసింది.

"ఏదైతే ఏమి, అన్నీ ఒకటే. నేను పన్నెండో ఏట నుంచి రబ్బరు పాలు గీసినా. నువ్వు పాడింది అంతా కరెక్టు. ఒకటి మాత్రం తప్పు."

"ఏమిటమ్మా?"

"గంట నాలుగున్నరకి కాదు. నాలుగుకి. నాలుగున్నరకి అయితే మేస్త్రీ, కంగాణీ ముందు వరసలో నిలబడి ఉండాల, పేరు పిలుస్తాడు. నాలుగున్నరకి లేచేవాళ్ళు ఎవరు? దొర పెళ్ళామా? మార్చు."

"పాటలో కుదరదమ్మా. తాళం తప్పుతుంది. నాలుగున్నర అంటేనే సరిపోతుంది."

"తాళం నీది. గంట మాది," అని గొడుగు తీసి మాకాన్ వరసలోకి, అదే భోజనాల వరసలోకి, వెళ్ళిపోయింది.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. జీవితమంతా ఎదురుచూసిన వేదిక, అది దిగిన మొదటి నిమిషంలో ఈ మాట! బస్సులో ఇంటి దాకా మా ఆవిడకు ఛందస్సు పాఠం చెప్పాను. మాత్రలంటే ఏమిటి, గణమంటే ఏమిటి, ఒక మాట తీసి ఇంకో మాట పెడితే పాట ఎలా కుంటుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చూపించాను. పామరులకు ఇవి తెలియవన్నాను. మా ఆవిడ మధ్యలో ఒక్కసారి ఆవలించింది.

ఇంటికి వచ్చాక ఆవిడ చీర కూడా మార్చుకోకుండా, హాల్లోంచి తెచ్చిన పులిహోర డబ్బాలోంచి గిన్నెలోకి తీస్తూ, తనలో తాను పాడుకుంది.

నాలుగింటికె గంట కొట్టె, మంచు ఇంకా లేవలేదు

నేను గిటారు తీశాను. "మళ్ళీ అను."

మళ్ళీ అంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒక్క మాత్ర ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. పాతికేళ్ళ నుంచి ఆ చోటు ఆ మాట కోసమే ఖాళీగా ఉన్నట్టుంది.

"ముందే చెప్పకూడదా?"

"మీరు అడగలేదు," అంది, గరిటె నాకి.

ఆ తర్వాత కంప్యూటర్ కంపెనీలు ఒక్కొక్కటీ కూలాయి. నా వెబ్ పేజీ ఉన్న కంపెనీ కూడా పోయింది, లెక్కబిళ్ళతో సహా. ప్రొద్దుటూరు అమ్మాయికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. కొత్తగా సీడీలు కాల్చిపెట్టే దిక్కు నాకు లేదు. కాని తప్పు తప్పే. అందుకని ఇంట్లో మిగిలిపోయిన సీడీలన్నీ ముందేసుకుని, ప్రతి అట్ట మీదా, ఆ వరిచేను బొమ్మ కింద, బాల్‌పెన్నుతో గుండ్రంగా రాశాను: 'మొదటి పాటలో నాలుగున్నర అని వినిపించిన చోట నాలుగు అని వినవలెను. ఆవులను లెక్కలోకి తీసుకోరాదు.' అందులో మొదటిది ఆ ముసలావిడ ఇల్లు కనుక్కుని స్వయంగా ఇచ్చి వచ్చాను. ఆవిడ ఇంట్లో సీడీ పెట్టె లేదు. గుమ్మంలోనే నిలబెట్టి, పల్లవి నా చేత పాడించుకుని, గంట సరిచూసుకుని, అప్పుడు లోపలికి రమ్మంది.